గ్రంథాలయం కట్టండి, పార్కును వదిలేయండి

గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు నియామకాల ప్రకటనలు వెలువడే కాలంలో హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడం కష్టం. తలుపులు తెరవకముందే పిల్లలు వచ్చి కాచుకుంటారు. లోపల చోటు దొరకనివారు ఆవరణలో చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదువుకుంటారు. పక్కనే అశోక్‌నగర్‌లో ఒక్కో హాస్టల్ గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. వాళ్లకు పుస్తకం కంటే ముందు కావాల్సింది బల్ల, లైటు, ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. కోచింగ్ కేంద్రానికి ఫీజు కట్టలేని పల్లెటూరి యువకుడికి నగరం ఉచితంగా ఇచ్చేది గ్రంథాలయంలో ఒక కుర్చీ మాత్రమే. నగరం నలువైపులా పాకింది, గ్రంథాలయాలు ఆ వేగంతో పెరగలేదు. జిల్లా కేంద్రాల్లోనూ, పురపాలక పట్టణాల్లోనూ ఇదే పరిస్థితి. కొత్త గ్రంథాలయాలు కావాలన్న కోరికలో అతిశయం ఏమీ లేదు.

చిక్కు ఎక్కడ కట్టాలన్న దగ్గర మొదలవుతుంది. స్థలం చూడమని పై నుంచి మాట రాగానే అధికారుల వేలు చాలాసార్లు పార్కు మీదే పడుతుంది. ఇందుకు కారణం వాళ్లకు చెట్ల మీద ద్వేషం కాదు. ప్రైవేటు భూమి కొనాలంటే పరిహారం ఇవ్వాలి. ఏళ్ల తరబడి భూసేకరణ సాగాలి, కోర్టుకు వెళ్లేవారు వెళ్తారు. పోరంబోకు భూమిలో ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుని ఉంటారు. పార్కు స్థలానికి ఈ బాధలేవీ లేవు. లేఅవుట్ వేసినప్పుడే అది దానపత్రం ద్వారా మునిసిపాలిటీ పేర దఖలు పడి ఉంటుంది. ఖాళీ చేయించాల్సిన మనుషులుండరు. చెట్లు కోర్టుకు వెళ్లవు. అంచనా కాగితంలో స్థలం ఖర్చు సున్నా అని రాసుకోవచ్చు. ఆ సున్నా వల్లనే కమ్యూనిటీ హాలు, వాటర్ ట్యాంకు, వార్డు కార్యాలయం, జిమ్ము ఒకటొకటిగా పార్కుల్లోకి వచ్చి చేరాయి. గ్రంథాలయానికీ అదే దారి చూపిస్తే, మంచి పని అన్న మొహమాటంతో ఎవరూ నోరు మెదపరు. ఈ మొహమాటాన్ని వదులుకోవాలి. అలాగని పార్కు కావాలనేవారు గ్రంథాలయం వద్దనకూడదు. పార్కును కాచేవారే గ్రంథాలయం కోసం ముందు నిలబడాలి. గ్రంథాలయం అడిగేవారే పార్కు స్థలం మాకొద్దనాలి. ఈ రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన చోట రెండూ దక్కే అవకాశం ఉంది.

ఈ తగువు కొత్తదేమీ కాదు. అమెరికాలోని షికాగోలో నూరేళ్ల కిందటే సాగింది. ఫలితం తేల్చడానికి కావాల్సినంత కాలమూ గడిచింది కాబట్టి దాన్ని వివరంగా చూడటం మేలు.

షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున మిషిగన్ అవెన్యూ అనే పెద్ద వీధి ఉంది. 1836లో కాలువ కమిషనర్లు నగర పటం గీసినప్పుడు, సరస్సు వైపున్న నేలను ప్రజల ఉమ్మడి స్థలంగా, ఎప్పటికీ ఏ కట్టడమూ లేకుండా ఉంచాలని ఆ పటం మీదే రాశారు. అదే నేటి గ్రాంట్ పార్క్. ఆ వీధి పక్కనే డియర్‌బోర్న్ పార్క్ అనే చిన్న తోట కూడా ఉండేది. 1871 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత నగరం ఉచిత గ్రంథాలయం పెట్టుకుంది. దానికి సొంత భవనం కావాల్సి వచ్చింది. స్థలం ఎక్కడా అని వెతికి, డియర్‌బోర్న్ పార్కును తీసుకున్నారు. 1897లో అక్కడ పాలరాయి మెట్లతో, రంగుటద్దాల గుమ్మటాలతో అద్భుతమైన భవనం లేచింది. అంత అందమైన భవనం వస్తున్నప్పుడు చిన్న తోట పోయిందని ఎవరు బాధపడతారు?

సరిగ్గా ఆ కాలంలోనే జాన్ క్రెరార్ గ్రంథాలయం కూడా మొదలైంది. రైల్వే సామగ్రి వ్యాపారి అయిన క్రెరార్ 1889లో చనిపోతూ తన ఆస్తిలో అధిక భాగాన్ని ప్రజలకు ఉచిత గ్రంథాలయం కోసం రాసి వెళ్లాడు. 1897లో అద్దె గదుల్లో తెరిచిన ఆ సంస్థ, సైన్సు పుస్తకాలకు పేరుపడింది. దానికి గ్రాంట్ పార్కులో భవనం కట్టాలని నగర పెద్దలు తలపెట్టారు. 1909లో వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ గీసిన ప్రసిద్ధ షికాగో ప్రణాళికలో పార్కు నడుమ ఫీల్డ్ మ్యూజియం, దానికి ఇరువైపులా క్రెరార్ గ్రంథాలయమూ, ఆర్ట్ ఇన్‌స్టిట్యూటూ కనిపిస్తాయి. చదువు, కళ, విజ్ఞానం మూడూ ఒక్కచోట. ఇంతకంటే మంచి ఉద్దేశం ఎవరు చూపగలరు?

దానికి అడ్డు నిలిచినవాడు ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్. తపాలా ద్వారా సరుకులమ్మే వ్యాపారంతో ఎదిగినవాడు. అతని కార్యాలయం ఆ పార్కుకు ఎదురుగానే ఉండేది. పార్కులో పోగుబడిన చెత్తనూ, షెడ్లనూ తీయించడానికి 1890లో మొదలుపెట్టిన న్యాయపోరాటం రెండు దశాబ్దాలు నడిచింది. సాటి వ్యాపారులు దూరమయ్యారు, పత్రికలు అతన్ని మొండివాడన్నాయి. షికాగో వ్యాపారి మార్షల్ ఫీల్డ్ 1906లో మరణిస్తూ ఆ ఫీల్డ్ మ్యూజియానికి 80 లక్షల డాలర్లు రాశాడు. ఆరేళ్లలోపు ఉచితంగా స్థలం ఇవ్వకపోతే సొమ్ము దక్కదన్నది ఆ వీలునామాలోని షరతు. నిధులు వెనక్కి పోతాయి, వెంటనే స్థలం చూపండి అనే ఒత్తిడి మన కలెక్టరేట్లలోనూ వినిపించేదే. వార్డ్ తొణకలేదు. పేదవాళ్ల కోసమే తాను పోరాడుతున్నానని చెప్పుకున్నాడు. 1911లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు చివరిగా అతని పక్షాన నిలిచింది.

తర్వాత ఏం జరిగిందన్నదే మనకు ముఖ్యం. మ్యూజియం ఆగిపోలేదు. పార్కుకు దక్షిణాన సరస్సును పూడ్చి కలుపుకున్న నేల మీద 1921లో తెరుచుకుంది. క్రెరార్ గ్రంథాలయమూ ఆగిపోలేదు. మిషిగన్ అవెన్యూకు ఇవతల, రాండాల్ఫ్ వీధి మూలన, మామూలు నగర స్థలంలో ఎత్తైన భవనం కట్టుకుంది. అక్కడి నుంచి 1962లో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి, 1984లో షికాగో విశ్వవిద్యాలయానికి తరలిపోయింది. ఆ పాత భవనాన్ని పడగొట్టి, దాని స్థానంలో కట్టిన కార్యాలయాల భవనం ఇప్పుడు అక్కడ ఉంది. డియర్‌బోర్న్ పార్కును మింగి కట్టిన నగర గ్రంథాలయం మాటేమిటి? 1991లో అది హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయమనే కొత్త భవనానికి మారింది. పాత భవనం నేడు సాంస్కృతిక కేంద్రం. అంటే ఆ చోట పార్కూ లేదు, గ్రంథాలయమూ లేదు. క్రెరార్‌ను పార్కులో కట్టనిచ్చి ఉంటే, నలభై ఏళ్లు నిలిచిన అవసరం కోసం శాశ్వతమైన నేలను ఇచ్చుకున్నట్టయ్యేది.

గ్రంథాలయం కదులుతుంది. పుస్తకాలు పెరుగుతాయి, పాఠకుల అవసరాలు మారతాయి, కంప్యూటర్లు వస్తాయి, భవనం చాలదు, పాతబడుతుంది. కదలడం దాని లోపం కాదు, బతికున్న సంస్థ లక్షణం. నగరం నడిబొడ్డున ఒకసారి పోయిన పార్కు మాత్రం తిరిగి రాదు. నలభై ఏళ్ల వేపచెట్టును ఏ టెండరుతోనూ తెప్పించుకోలేం. రెంటినీ ఒకే తూకంలో వేసి ఇది కావాలా అది కావాలా అని జనాన్ని అడగడమే తప్పు.

అదే షికాగోలో వార్డ్ గెలుపుకు ఎదురు ఫలితమూ ఉంది. ఒబామా ప్రెసిడెన్షియల్ సెంటర్‌కు చారిత్రక జాక్సన్ పార్కులో 19.3 ఎకరాలు ఇచ్చారు. అందులో నగర గ్రంథాలయ శాఖ కూడా భాగం. 2018లో పార్కు రక్షకులు కోర్టుకెక్కారు, ఓడిపోయారు, 2021లో పనులు మొదలయ్యాయి. ఆ చుట్టుపక్కల నల్లజాతి కాలనీలకు పెట్టుబడి, ఉపాధి, గుర్తింపు వస్తాయన్న ఆశ బలమైనది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ ప్రాంతంలోనే పార్కు కాని ఖాళీ నేలలు ఉన్నాయి. కేంద్రాన్ని అక్కడ కట్టి ఉంటే ఆ ఆశకు ఏ నష్టమూ కలిగేది కాదు.

న్యూయార్క్ మూడో దారి చూపింది. అక్కడి 42వ వీధి గ్రంథాలయం 1911లో తెరిచింది. దాని వెనుకే బ్రయంట్ పార్క్. పుస్తకాలకు చోటు చాలకపోతే, పార్కును కోసుకోకుండా దాని పచ్చిక కింద నేలమాళిగలో అరలు కట్టారు. 1992లో పార్కు మళ్లీ తెరిచేసరికి పైన జనం కూర్చునే పచ్చిక, కింద పుస్తకాలు. వినడానికి బాగుంది గానీ మనం గుడ్డిగా అనుసరించదగ్గది కాదు. కాంక్రీటు పైకప్పు మీద గడ్డి పెరుగుతుంది, మర్రీ రావీ వేపా వేళ్లు దించుకోలేవు. ఒక్క గంట వానకు సెల్లార్లు నిండే మన నగరాల్లో పుస్తకాలను భూమి కింద దాచడం సాహసం.

మన దేశంలో న్యాయస్థానాలు ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడాయి. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఓ ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. ఆ కాలనీవాసులే హైకోర్టుకు వెళ్లారు. బెంగళూరు మెడికల్ ట్రస్టు, ముద్దప్ప కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1991లో సుప్రీంకోర్టు కాలనీవాసుల పక్షాన తీర్పునిచ్చింది. పార్కు అందరిదీ కాబట్టి అక్కడ నివసించే ప్రతివారికీ అడిగే హక్కుందని గుర్తించింది. హర్యానాలోని థానేసర్‌లో బహిరంగ స్థలాన్ని ధర్మశాలకు ఇస్తే 1994లోనూ, ఢిల్లీ సరితా విహార్‌లో పార్కు స్థలాన్ని నర్సరీ బడికి ఇస్తే 1995లోనూ అదే కోర్టు ఆ కేటాయింపులను కొట్టివేసింది. ఆసుపత్రి, ధర్మశాల, చిన్నపిల్లల బడి: మూడూ సమాజానికి పనికొచ్చేవే. పని మంచిదైనంత మాత్రాన పార్కు భూమిని మళ్లించే అధికారం రాదన్నదే వాటి సారం.

అయితే అవి ప్రైవేటు చేతులకు పోయిన స్థలాలు, గ్రంథాలయం ప్రభుత్వానిదే కదా అనవచ్చు. ఆ తేడా నిజమే. కానీ పార్కులో పరుగెత్తే పిల్లవాడికి గోడ ఎవరు కట్టారన్నది పట్టదు. అక్కడ ఇంకిపోవాల్సిన వాన నీటికీ పట్టదు. 2024లో ఏర్పాటైన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ హైదరాబాద్‌లో పార్కు స్థలాల ఆక్రమణలు తొలగించి కంచెలు వేస్తోంది. ఒకవైపు కబ్జాదారు చేతి నుంచి పార్కును విడిపిస్తూ, మరోవైపు ప్రభుత్వ శాఖే అదే పార్కులో పునాది తవ్వితే జనానికి ఏం చెప్పగలం? పార్కులో ఇప్పటికే ఉన్న పాత గదిని బాగుచేసి పిల్లల పఠన గదిగా మార్చడం వేరు, అందులో అభ్యంతరం పెట్టాల్సిందేమీ లేదు. సెల్లారు, పార్కింగు, క్యాంటీనుతో నాలుగంతస్తులు లేపడం వేరు. పాత పునాది దాటి అడుగు పెట్టకూడదన్నది ఇక్కడ గీయాల్సిన గీత.

ఆ గీత లేకపోతే ఏమవుతుందో బెంగళూరు కబ్బన్ పార్కు చెబుతుంది. 1915 నాటి శేషాద్రి అయ్యర్ స్మారక భవనం, అందులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ముందున్న గులాబీ తోట చూడముచ్చటగా ఉంటాయి. కానీ దానితో ఆగలేదు. క్లబ్బులు, బాలభవన్, టెన్నిస్ స్టేడియం అన్నీ ఆ పచ్చదనం ఒడిలోనే చోటు చేసుకున్నాయి. 1975లో కర్ణాటక ప్రభుత్వం పార్కుల పరిరక్షణకు ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. మొదట వచ్చిన మంచి భవనం తర్వాత వచ్చేవాటికి సాకుగా మారుతుంది.

స్థలం లేదన్న మాటను తెలుగువాళ్లు ఒప్పుకోనక్కర్లేదు. మన గ్రంథాలయోద్యమం స్థలం దొరికాక మొదలైంది కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం రావిచెట్టు రంగారావు ఇంట్లో ప్రాణం పోసుకుంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1918లో వేటపాలెం సారస్వత నికేతనం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పంపించారు. నేల దొరక్కపోతే నీటి మీద గ్రంథాలయం నడిపినవాళ్ల వారసులం మనం.

డబ్బు సంగతి కూడా దాచాల్సిందేమీ కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. ఇంటి పన్ను కట్టేవాళ్లందరూ దీన్నీ కడుతున్నారు. దాన్ని వసూలు చేసే నగరపాలక, పురపాలక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం ఏళ్లుగా నడుస్తున్న జబ్బు. జనం గ్రంథాలయం కోసమని ఇచ్చిన సొమ్ము వేరే ఖర్చుల్లో కలిసిపోతుంటే, స్థలానికి డబ్బు లేదు కాబట్టి పార్కు ఇవ్వండి అనడం అన్యాయం. పార్కుల కోసం వసూలైన సొమ్ముకూ లెక్క కావాలి. తెలంగాణలో 2020 నాటి లేఅవుట్ క్రమబద్ధీకరణ నిబంధనల ప్రకారం, పది శాతం బహిరంగ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు యజమాని దాని విలువలో 14 శాతం అదనంగా చెల్లించాలి. పార్కు లేని కాలనీవాళ్లు పార్కు పేరున డబ్బు కడుతున్నారు. ఆ సొమ్ము వాళ్లకు ఊపిరి తీసుకునే చోటుగా మారాలి.

ఇక చోట్లు. పిల్లలు లేక మూతబడిన ప్రభుత్వ బడి భవనాలు, పాత ఆఫీసులు, ఒకే అంతస్తుతో ఆగిన వార్డు కార్యాలయాలు, పురపాలక సంస్థల వాణిజ్య సముదాయాల్లో అద్దెకు పోని పై అంతస్తులు, బస్టాండుల పైభాగాలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. గ్రంథాలయం జనం వచ్చిపోయే దారిలో ఉంటేనే బతుకుతుంది. సింగపూర్‌లో ఆర్చర్డ్ రోడ్డు గ్రంథాలయం 1999లో షాపింగ్ మాల్‌లోనే మొదలైంది, కొన్నేళ్లు మూతబడి 2014లో మరో మాల్‌లో తిరిగి తెరుచుకుంది. బస్సు దిగి నేరుగా పైకెక్కి చదువుకునే ఏర్పాటు, ఆరింటికి గేటు మూసే పార్కు లోపలి గ్రంథాలయం కంటే హాస్టల్ విద్యార్థికి, ముఖ్యంగా చీకటి పడ్డాక ఇంటికి వెళ్లాల్సిన ఆడపిల్లలకు ఎంతో మేలు. ఇప్పటికే ఉన్న గ్రంథాలయాల మీద మరో రెండంతస్తులు వేయడం, రాత్రి పది దాకా తెరిచి ఉంచడం అన్నిటికంటే సులువైన పని.

పార్కుల పక్షాన మాట్లాడేవారికి ఒక మాట. పొద్దున్నే నడకకు వచ్చేవారిలో చాలామంది సొంత ఇల్లున్నవాళ్లు. గ్రంథాలయం అడిగే పిల్లలు ఆ కాలనీల్లో ఓటు కూడా లేని అద్దె గదులవాళ్లు. వాకర్ల సంఘం వద్దు అని మాత్రమే చెప్పి ఇంటికి వెళ్లిపోతే, ఆ పిల్లల దృష్టిలో అది ఉన్నవాళ్ల స్వార్థంగానే మిగులుతుంది. వద్దన్న రోజే ఫలానా భవనం తీసుకోండి అని కాగితం మీద పెట్టాలి. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియం మైదానంలో ప్రభుత్వం కళాభారతి అనే సాంస్కృతిక భవనం కడతామన్నప్పుడు నడిచేవాళ్లు, ఆటగాళ్లు అడ్డు చెప్పారు. మైదానం మిగిలింది. ఏటా హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఆ మైదానంలోనే జరుగుతోంది. పుస్తకానికీ ఖాళీ నేలకూ శత్రుత్వం లేదనడానికి డిసెంబరులో అక్కడికి వెళ్లి చూస్తే చాలు.

మీ కాలనీలో గ్రంథాలయ ప్రతిపాదన వస్తే రెండు చేతులా స్వాగతించండి. దానితోపాటే సమాచార హక్కు చట్టం కింద ఆమోదిత లేఅవుట్ నకలు, గత ఐదేళ్లలో వసూలైన గ్రంథాలయ పన్నులో జిల్లా సంస్థకు జమ చేసిన మొత్తం, మీ వార్డులో వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ భవనాల జాబితా అడిగి తెప్పించుకోండి. లేఅవుట్‌లో పార్కు అని ఉంటే దాన్ని మరో పనికి మళ్లించవద్దని, జాబితాలోని భవనాన్ని తీసుకోమని కాలనీ సంఘమూ, చదువుకునే పిల్లలూ కలిసి ఒకే వినతిపత్రం మీద సంతకాలు చేసి కమిషనర్‌కు ఇవ్వండి.